చిన్న విమానంలో ఇంధన ఫిల్టరు: ఎంపిక, తనిఖీ

మోటారు సైకిలు నడిరోడ్డు మీద ఆగిపోతే మెకానిక్ అడిగే మొదటి మాట "పెట్రోలు ఉన్నదా?" అని. ఉన్నదంటే, "అయితే కార్బొరేటర్‌ల కచరా పడ్డట్టుంది" అంటాడు. మహబూబాబాద్ దిక్కు మిర్చి చేనుకు పోయే ట్రాక్టరైనా, భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనిలో తిరిగే డంపరైనా, జనగామ పల్లెల్లో ఒకప్పుడు బావుల మీద నడిచిన ఆయిల్ ఇంజనైనా సంగతి ఇదే. ఇంజను ఆగడానికి చాలా కారణాలు ఇంజనులో ఉండవు. ట్యాంకు నుంచి ఇంజను దాకా వచ్చే దారిలో ఉంటాయి.

బండి ఆగితే పక్కకు నెట్టుకుంటాం. ఆకాశంలో పక్కకు నెట్టే జాగా లేదు. రెండు సీట్ల సెస్నా 152 శిక్షణ విమానంలో ఇంజను ఆగితే అది రాయిలాగా పడదు, గాలిలో జారుతూ దిగుతుంది. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి దాదాపు రెండున్నర కిలోమీటర్లు పోగలదు. ఆ లోపల ఒక చదునైన చేను దొరకాలి. నేల విడిచిన కొద్ది క్షణాలకే ఆగితే ఆ ఎత్తు కూడా ఉండదు. అరచేతిలో పట్టే ఒక జాలీ ముక్క గురించి విమాన మెకానిక్కులు అంత పట్టుబట్టేది ఇందుకే.

ఈ విషయం మన సంచికలో ఎందుకు అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. మన మూడు జిల్లాలకూ దగ్గరగా, వరంగల్ పక్కన మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం ఉంది. చాలా ఏండ్లుగా మూతబడిన ఆ విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. హైదరాబాదులో బేగంపేట, నాదర్‌గుల్‌లలో పైలట్లు అవదలచిన వారు చిన్న విమానాల మీద నేర్చుకుంటూ వచ్చారు. విమానం అనగానే మన పిల్లలకు పైలటు ఒక్కడే గుర్తుకొస్తాడు. ఆ పైలటు ఎక్కే ముందు "ఇది ఎగరవచ్చు" అని సంతకం పెట్టే ఇంజనీరు ఒకరు ఉంటారు. ఈ వ్యాసం ఆ రెండో మనిషి పని గురించి.

ముందుగా దారి తెలుసుకుందాం. సెస్నా 152లో రెక్కలు పైలటు తల మీద ఉంటాయి. ఆ రెక్కల్లోనే ట్యాంకులు. రెండూ కలిపి 26 అమెరికన్ గ్యాలన్లు, అంటే సుమారు 98 లీటర్లు పడతాయి. అందులో వాడుకోగలిగింది 24.5 గ్యాలన్లే, మిగిలింది అడుగున ఉండిపోతుంది. ట్యాంకులు ఎత్తున ఉన్నాయి కాబట్టి పంపు అక్కర లేదు. మన ఊరి వాటర్ ట్యాంకు నుంచి నల్లాకు నీళ్లు వచ్చినట్టే ఇంధనం తన బరువుతో తానే దిగుతుంది. దారిలో ఒక వాల్వు, ఆ తరువాత ఇంజను గోడ దగ్గర, దారి మొత్తంలో కింది భాగాన ఒక గిన్నె లాంటి ఫిల్టరు. దీన్ని గ్యాస్కొలేటర్ అంటారు. అక్కడి నుంచి కార్బొరేటరు.

రెక్కలు కింద ఉండే పైపర్ లాంటి విమానాల్లో ఇంధనం పైకి ఎక్కాలి. అందుకని ఇంజనుతో తిరిగే పంపు ఒకటి, దానికి తోడుగా కరెంటు పంపు ఒకటి పెడతారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. నాలుగు సీట్ల సెస్నా 172లో ట్యాంకు మార్చే పిడికి ఎడమ, కుడి, రెండూ అని మూడు గుర్తులు ఉంటాయి. పైపర్‌లో ‘రెండూ’ అనే గుర్తు ఉండదు. ఎందుకు? ఒకే గ్లాసులోకి రెండు స్ట్రాలు పెట్టి, ఒక స్ట్రా కొసను గ్లాసు బయట ఉంచి పీల్చి చూడండి. గాలి వస్తుంది కాని షర్బతు రాదు. ఒక ట్యాంకు ఖాళీ అయితే పంపు గాలినే పీల్చుకుంటుంది. మన దగ్గర డీజిల్ ఇంజన్లకు "ఎయిర్ పట్టింది" అంటారే, అదే ఇది. ఎత్తు నుంచి దిగే వ్యవస్థకు ఈ బాధ లేదు.

ఇక ఫిల్టర్లు. నిజానికి ఒకటి కాదు, వరుసగా మూడు జల్లెళ్లు ఉంటాయి. ట్యాంకు మూతి దగ్గర వేలు ఆకారంలో ముతక జాలీ ఒకటి. అమెరికా వారి చిన్న విమానాల నిబంధనల్లో దీనికి అంగుళానికి 8 నుంచి 16 కండ్లు అని ఉండేది. ఆకులు, గుడ్డ పీలికలు, సీలెంటు పెచ్చులు ఆపడమే దీని పని. తరువాత గ్యాస్కొలేటర్‌లోని సన్న జాలీ. చివరికి కార్బొరేటరు లోపలికి పోయే చోట మరో చిన్న జాలీ. గ్యాస్కొలేటర్ రెండు పనులు చేస్తుంది. జాలీ చెత్తను ఆపుతుంది, గిన్నె నీళ్లను నిలుపుతుంది. లీటరు విమాన పెట్రోలు సుమారు 720 గ్రాములు తూగుతుంది, లీటరు నీళ్లు కిలో. కాబట్టి నీళ్లు అడుక్కు చేరుతాయి. అడుగున ఉన్న డ్రెయిన్ నొక్కితే ముందు అవే బయటికి వస్తాయి.

"ఎంత సన్న జాలీ అయితే అంత మంచిది కదా" అన్నది సహజంగా వచ్చే ఆలోచన. ఇక్కడే జాగ్రత్త పడాలి. జాలీ సన్నదనాన్ని మైక్రాన్లలో చెబుతారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంగుళానికి 200 కండ్లున్న జాలీలో ఒక్కో కన్ను 74 మైక్రాన్లు ఉంటుంది. దాన్ని తీసేసి 10 మైక్రాన్ల కాగితం ఫిల్టరు పెడితే పెట్రోలు మరింత శుభ్రంగా వస్తుంది, నిజమే. కాని కొంచెం చెత్తకే అది మూసుకుపోతుంది. కాగితానికి నీళ్లు తగిలితే ఉబ్బి దారి మూసేస్తుంది, పైన చలిలో ఆ నీళ్లు గడ్డ కడితే చెప్పనే అక్కరలేదు. పెద్ద విమానాల ఫిల్టర్లకు మూసుకుపోతే తెరుచుకునే పక్క దారి, దాన్ని చెప్పే సూచిక ఉంటాయి. చాలా చిన్న విమానాల్లో ఆ ఏర్పాటు ఉండదు. కారు షాపులో దొరికే ప్లాస్టిక్ ఫిల్టరు కారులో బాగానే పనిచేస్తుంది. విమానంలో దాని చోటు లేదు.

ఎంపికలో అసలు ప్రశ్న ప్రవాహం. ఆ నిబంధనల ప్రకారం ఎత్తు నుంచి దిగే వ్యవస్థ టేకాఫ్‌లో ఇంజను తాగే దానికి 150 శాతం ఇంధనం అందించగలగాలి. పంపు ఉన్న వ్యవస్థకు 125 శాతం. ఒక లెక్క చేద్దాం. పూర్తి శక్తి మీద ఇంజను గంటకు 40 లీటర్లు తాగుతుంది అనుకోండి. 150 శాతం అంటే 60 లీటర్లు, అంటే నిమిషానికి ఒక లీటరు. కార్బొరేటరు దగ్గర పైపు విప్పి, కొలత గీతలున్న డబ్బాలో పట్టి, గడియారం చూస్తే చాలు. అయిదు నిమిషాల్లో అయిదు లీటర్లు రాకపోతే దారిలో ఎక్కడో ఇరుకు ఉన్నట్టే. ఈ పరీక్ష ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు చేస్తే మోసపోతాం. ట్యాంకులో ఇంధనం అడుగంటినప్పుడు, విమానం ముక్కు పైకెత్తి ఎక్కే భంగిమలో ఉన్నట్టు ఉంచి చేయాలి. కష్టకాలంలో అందుతుందా లేదా అన్నదే కదా తెలియవలసింది.

కొత్త ఫిల్టరు కొనేటప్పుడు ఆ విమానం తయారీదారు విడిభాగాల పుస్తకంలో ఉన్న నంబరుకే కట్టుబడాలి. దానితో పాటు ధ్రువపత్రం రావాలి. మన దేశంలో సీఏ ఫారం 1, యూరప్ నుంచి ఈఏఎస్ఏ ఫారం 1, అమెరికా నుంచి 8130-3. రూపం అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండి కాగితం లేని వస్తువు విమానానికి పనికిరాదు. ఇది ఆఫీసు తతంగం అని కొత్తవారు విసుక్కుంటారు. ఆ కాగితం లేకుంటే లోపలి జాలీ ఏ లోహంతో చేశారో, గ్యాస్కెట్టు ఏ రబ్బరో ఎవరికీ తెలియదు.

ఫిల్టరే చెత్తగా మారిన సందర్భం ఒకటి ఉంది. 2010 ఏప్రిల్ 13న ఇండోనేషియాలోని సురబయ నుంచి హాంకాంగ్ పోతున్న క్యాథే పసిఫిక్ వారి ఎయిర్‌బస్ ఎ330 విమానంలో రెండు ఇంజన్లూ మొండికేశాయి. దిగే సమయానికి ఒకటి శక్తి పెంచదు, మరొకటి తగ్గించదు. అతి వేగంగా దిగవలసి వచ్చింది. లోపలున్న 322 మందిలో అందరూ బతికారు, బయటికి దిగేటప్పుడు కొందరికి గాయాలయ్యాయి. దర్యాప్తులో తేలింది ఇది. సురబయ విమానాశ్రయంలో ఇంధన పైపులైను పొడిగించే పనిలో ఉప్పు నీళ్లు లోపలికి చేరాయి. విమానానికి ఇంధనం పట్టే బండిలోని ఫిల్టర్లలో నీళ్లను పీల్చే ఒక పొడి ఉంటుంది. పసిపిల్లల డైపర్లలో ఉండే జాతి పదార్థమే. ఉప్పు నీళ్లు తగిలి ఆ పొడి ఫిల్టరు దాటి, గుండ్రటి నలుసులుగా ఇంజన్ల ఇంధన నియంత్రణ యంత్రాల్లో చిక్కుకుంది. ఆ తరువాత కాలంలో విమానయాన రంగం ఆ రకం ఫిల్టర్లను క్రమంగా వదులుకుంటూ వచ్చింది. నీళ్లు రాకుండా చూడవలసిన చోట చూడకుండా, ఫిల్టరు ఆపుతుందిలే అనుకుంటే ఏమవుతుందో దీనిలో ఉంది.

చిన్న విమానాల్లో వాడేది ఏవ్‌గ్యాస్ 100 ఎల్‌ఎల్ అనే పెట్రోలు. దీనికి నీలి రంగు కలుపుతారు. మన దేశం దీన్ని దిగుమతి చేసుకునేది. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ వడోదర దగ్గరి తన గుజరాత్ రిఫైనరీలో తయారైన ఏవ్‌గ్యాస్‌ను విడుదల చేసింది. ఇందులో సీసం ఉంటుంది కాబట్టి మోటారు మెకానిక్కులు పెట్రోలుతో చేతులు కడుక్కున్నట్టు దీంతో కడుక్కోవద్దు. మన బంకుల్లోని పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు సీళ్లను మెత్తబరుస్తుంది. పైకి పోయి చల్లబడితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుక్కు చేరుతాయి. అందుకని బంకు పెట్రోలు చవక గదా అని పట్టించే ప్రశ్నే లేదు.

ప్రతి రోజూ మొదటి సారి ఎగరకముందు, ఇంధనం పట్టిన ప్రతిసారీ, ట్యాంకుల అడుగు నుంచీ గ్యాస్కొలేటర్ నుంచీ ఒక చిన్న గాజు కప్పులో నమూనా తీస్తారు. కింద నీళ్లు, పైన నీలి పెట్రోలు, మధ్యలో స్పష్టమైన గీత కనబడితే పట్టుకున్నట్టే. అసలు ప్రమాదం గీత కనబడనప్పుడు. కప్పు నిండా నీళ్లే వస్తే గీత ఎక్కడి నుంచి వస్తుంది? చూడ్డానికి శుభ్రంగా, తేటగా ఉంటుంది. అందుకే గీత కోసం వెతకకుండా ముందు నీలి రంగు ఉందా అని చూడాలి. రంగు వెలిసినట్టు ఉంటే మరో అనుమానం కూడా ఉంది. జెట్ విమానాల ఇంధనమైన ఏటీఎఫ్ పొరపాటున కలిసిందేమో. అది కిరసనాయిలు జాతి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. ఏవ్‌గ్యాస్ ఆరిపోతుంది, ఏటీఎఫ్ కలిస్తే పకోడీ పొట్లం మీద మరక లాగా జిడ్డు వలయం మిగులుతుంది. పైపుల్లో మిగిలిన మంచి పెట్రోలుతో ఇంజను చక్కగా స్టార్టయి రన్‌వే దాకా పోతుంది. నేల విడిచాక చెడగొడుతుంది.

నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇప్పుడు చెప్పబోయేది. సాధారణంగా ప్రతి 100 గంటల తనిఖీలో గ్యాస్కొలేటర్ గిన్నె విప్పుతారు. చాలామంది జాలీని కడిగి, ఊది, బిగించి లేస్తారు. కడగకముందు తెల్ల గుడ్డ మీద దులిపి చూడాలి. అందులో దొరికింది సాక్ష్యం. ఎర్రటి తుప్పు రవ్వలైతే విమానంలోవి కాకపోవచ్చు, ట్యాంకులు అల్యూమినియంవి కదా. ఇంధనం నిలువచేసిన డ్రమ్ము చూడండి. నల్లటి రబ్బరు తునకలైతే ఏదో గొట్టం లోపలి పొర ఊడుతోంది. పైకి బాగానే ఉంటుంది, లోపల పొర వేలాడుతూ దారికి అడ్డంగా తలుపులాగా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండవచ్చు. బూడిద రంగు తెల్లటి పొడి అయితే అల్యూమినియం తింటోంది, అంటే నీళ్లు చాలా కాలంగా నిలిచి ఉన్నాయి. సాగే పెచ్చులైతే ట్యాంకు అతుకుల సీలెంటు. ఈ ప్రశ్నకు జవాబు దొరకకుండా జాలీ కడిగి పెడితే, అదే చెత్త తిరిగి వచ్చే దాకా గడువు ఇచ్చినట్టే. నీళ్లు దొరికితే ట్యాంకు మూత రబ్బరు రింగు ముందుగా చూడాలి. రెక్క మీద ఉండే మూత కాబట్టి వాన నీరు సరిగ్గా దాని మీదే నిలుస్తుంది.

ఇంజను తడబడుతోంది అని పైలటు రాసిపోతే ఎక్కడ మొదలుపెట్టాలి? మోటారు సైకిలు మెకానిక్ ప్రశ్నే: ఇంధనం ఉన్నదా? మీటరును నమ్మకుండా కొలత కర్ర వేసి చూడాలి. 1983 జులై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 కిలోలకు, పౌండ్లకు మధ్య లెక్క తప్పి సగం ఇంధనంతో బయల్దేరింది. ఆకాశంలో రెండు ఇంజన్లూ ఆగి, గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో జారుతూ దిగింది. అందరూ బతికారు. లెక్కల సారు యూనిట్లు రాయకపోతే మార్కులు కోసేది ఉత్త పుణ్యానికి కాదు.

ఉంది అని తేలాక, తడబాటు ఎప్పుడు వస్తోంది అని అడగాలి. తక్కువ వేగంలో బాగుండి పూర్తి శక్తి మీద తగ్గిపోతే దారిలో ఇరుకు ఉంది. కొంచెం ఇంధనం కొంచెం ఇరుకు గుండా వస్తుంది, ఎక్కువ రాదు. ఎండాకాలం మధ్యాహ్నం, వేడి ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేసినప్పుడు మాత్రమే అయితే పైపుల్లో పెట్రోలు ఆవిరై బుడగలు కట్టి ఉండవచ్చు. మన 44, 45 డిగ్రీల ఎండల్లో ఇది కొత్త కాదు. ఎగిరిన అరగంటకో గంటకో వచ్చి, కింద దిగి చూస్తే అంతా బాగుంటే ట్యాంకు గాలి రంధ్రాన్ని అనుమానించాలి. ఇంధనం కిందికి దిగినకొద్దీ పైన గాలి ప్రవేశించాలి. ఆ సన్న గొట్టంలో కుమ్మరి పురుగు మట్టి గూడు కడితే గాలి ఆగుతుంది, లోపల శూన్యం ఏర్పడి ఇంధనం దిగడం మానుతుంది. డబ్బాకు ఒకటే రంధ్రం పొడిచి నూనె వంచితే ఆగి ఆగి పడుతుందే, అట్లా. మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు వస్తే దొంగ దొరికినట్టే. ఇన్ని వేల మైళ్ల అవతల తయారైన యంత్రాన్ని మన షెడ్డులోని ఒక పురుగు ఆపగలదు! కొన్నాళ్లు విమానం ఎగరకుండా ఉంటే ఆ గొట్టాన్ని ముందుగా చూడాలి. ఆపి ఉంచినప్పుడు ఎర్ర రిబ్బను కట్టిన మూత పెట్టి, ఎగరకముందు మరచిపోకుండా తీయాలి.

ఫిల్టరు తప్పు కాని సందర్భం కూడా ఉంది. కార్బొరేటరు గొంతులో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చల్లదనం పుడుతుంది. గాలిలో తేమ ఎక్కువ ఉన్న వానాకాలం రోజున బయట 20 డిగ్రీలు దాటినా అక్కడ మంచు పేరుకోగలదు. శక్తి మెల్లగా తగ్గుతుంది, అచ్చం ఫిల్టరు మూసుకున్నట్టే. దిగి మెకానిక్ వచ్చే లోపల మంచు కరిగిపోతుంది. వాతావరణం ఎట్లా ఉంది, కార్బొరేటర్ హీటు లాగితే ఇంజను తేరుకుందా అని పైలటును అడగకుండా ఫిల్టరు మార్చేస్తే సరుకు దండుగ, తప్పు దొరకదు.

బిగించేటప్పుడు గ్యాస్కెట్టు కొత్తది వేయాలి. ఫిల్టరు మీది బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి. గిన్నె వదులు కాకుండా సన్నటి లాకింగ్ వైరు చుట్టాలి. ఇంధనం వదిలి కారుతుందేమో చూడాలి. నీలి మరక ఎక్కడ కనిపించినా అక్కడ పాత లీకు ఉన్నట్టు. పని మొత్తంలో విమానానికి ఎర్తు తీగ తగిలించి ఉండాలి. ప్లాస్టిక్ డబ్బాల్లోంచి వంచితే పుట్టే నిప్పురవ్వ కంటికి కనబడకుండానే పని చేస్తుంది.

ఈ పని మీద మనసు పడ్డ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు దారి చెబుతాను. ఇంటర్మీడియెట్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి ఉండాలి. డీజీసీఏ వారి సీఏఆర్-66 నిబంధన కింద లైసెన్సు ఇస్తారు. పిస్టన్ ఇంజను విమానాలకు బి1.2, జెట్ విమానాలకు బి1.1 అనే తరగతులు. పరీక్షల్లో 16వ మాడ్యూలు పూర్తిగా పిస్టన్ ఇంజన్ల గురించే. ఇంధన వ్యవస్థ, కార్బొరేటరు అందులో వస్తాయి. పరీక్షలతో సరిపోదు, విమానాల మీద పనిచేసిన అనుభవం లాగ్ బుక్కులో రాయించుకోవాలి. ఈ కోర్సు పేరుతో గోడల మీద బోర్డులు చాలా కనిపిస్తాయి. ఫీజుకు అప్పు తెచ్చే ముందు ఆ సంస్థకు సీఏఆర్-147 అనుమతి ఉందా, అది ఏ తరగతికి ఉంది, ఇంకా అమలులో ఉందా అనే మూడూ డీజీసీఏ జాబితాలో చూసుకోండి. చూడడం రాకపోతే హాస్టల్ పాత విద్యార్థుల్లో ఎవరినైనా, లేదా వార్డెన్ సారును తోడు కూర్చోబెట్టుకొని చూడండి. సంస్థ వారు చూపించే ఫోటోస్టాట్ కాపీని లెక్కలోకి తీసుకోవద్దు.